మూడో మీట

ప్రకటనలో అన్నీ రాశాను:
వేడెక్కే సీట్లు, వానను పసిగట్టే వైపర్లు,
తోలు కుట్లలో ఒక్క దారమూ ఊడలేదని,
వెనక కుడి చక్రం పైన తుప్పు, అరచేతంత.
తుప్పు సంగతి ఎందుకన్నాడు తమ్ముడు మార్గుస్.
కొనేవాళ్ళకు కళ్ళుంటాయి కదరా.

మార్చి. తార్తులో మంచు బురదయ్యే వారం.
ముగ్గురు ఫోన్లోనే సగం ధరకి అడిగారు.
ఒకడొచ్చి టైర్లను తన్ని, కాఫీ తాగి,
మళ్ళీ కనబడతానని పోయాడు.
తరవాత కైసా.
మంత్రసాని. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది,
చలికి చెవులు కందిపోయి.

తాళం పెట్టే చోటు కోసం
స్టీరింగ్ పక్కన తడుముకుంది.
అక్కడ కాదు, రెండు సీట్ల మధ్య.
సాబ్ వాళ్ళ తిక్క అది.
నేనూ తడుముకున్నాను, పదకొండేళ్ళ కిందట.

డాష్‌బోర్డు దీపాలార్పే మీట చూపించాను.
రాత్రిళ్ళు వేగం ఒక్కటే వెలుగుతుంది,
మిగతావి అవసరమైతేనే నోరు విప్పుతాయి.
మా వార్డులో ఉండాలిది, అంది.

సీటు పక్కన, మన కొలతలు గుర్తుంచుకునే మీటలు మూడు.
ఒకటి నొక్కింది:
సీటు నా నడుంనొప్పి దగ్గరికెళ్ళి ఆగింది.
మూడు నొక్కింది:
వెనక్కి, ఇంకా వెనక్కి, కిందికి,
అద్దాల్లో రోడ్డు పోయి మబ్బులొచ్చాయి.
ఎవరండీ ఈ తాటిచెట్టు?

తెలీదు. నేను కొనేసరికే ఉన్నాడు.
కాగితాల్లో ఏదో కంపెనీ పేరు తప్ప మనిషి పేరు లేదు.
చెరపడానికి రెండు సెకన్లు.
పదకొండేళ్ళుగా ఆ రెండు సెకన్లూ దొరకలేదు.
సారెమా పడవ కోసం వరసలో ఆగినప్పుడల్లా
మూడు నొక్కి
అతని జాగాలో కాళ్ళు చాపుకునేవాణ్ణి.

రెండు నొక్కింది.
ఏదీ కదల్లేదు.

ఖాళీ, అన్నాను.
మంచు కరగ్గానే డ్రైవింగ్ నేర్చుకుంటానంటూ
లీవి ఎనిమిది వసంతాలు దాటేసింది.
ఇప్పుడు పార్నులో సిటీ బస్సు నడుపుతోందట.

కైసా పకపకా నవ్వింది,
నా మొహం చూసి ఆపింది,
నేను నవ్వాక మళ్ళీ మొదలుపెట్టింది.

తుప్పు చూపించి రెండొందల యూరోలు తగ్గించమంది.
నూటయాభై తగ్గించాను, చలికాలం టైర్లు ఊరికే ఇచ్చాను.
ఫోన్లో చెరో సంతకం. బండి మారిపోయింది.
వెళ్ళే ముందు సీటు ముందుకు జరుపుకుని, అద్దాలు దించుకుని
రెండో మీటను నొక్కిపట్టింది, కుయ్యిమనేదాకా.
ఒకటి చెరపనా? అని అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆదివారం మార్గుస్ బండి నేను నడపాల్సొచ్చింది.
ఎక్కి కూర్చుని, బెల్టు పెట్టుకుని,
రెండు సీట్ల మధ్య
చాలాసేపు తడుముకున్నాను.