ఊపిరి లేని గాజు

ముప్పై ఏడేళ్లు గాజు ఊదాను
ఉట్రెక్ట్ యూనివర్సిటీ నేలమాళిగలో.
ఫ్లాస్కు మెడ కాస్త వంకరపోతే
పైన ఏ గదిలో ఎవరు తిట్టుకుంటారో
మంట ముందు కూర్చునే చెప్పగలను.

ఇమ్కే తిట్టదు.
పగిలినదాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి
బల్ల మీద పెట్టి నిలబడుతుంది,
దెబ్బ తగిలిన పిట్టను తెచ్చినట్టు.

"నేనూ గాజే చేస్తాను వీబే," అంది ఓ రోజు,
"మంట లేకుండా."
నవ్వాను. దగ్గొచ్చింది.
ఈ మధ్య నవ్వు వెనకాలే దగ్గు.

పైకి తీసుకెళ్లి చూపించింది.
నూనెలాంటి ద్రవంలో కంటికానని నీటి బొట్లు,
బొట్టుకొక గింజ.
ఎంత గింజ?
ఆవగింజను ఊరంత చేస్తే
ఆ ఊళ్లో ఒక ఆవగింజ.

అమ్మోనియా ఘాటు.
సూది మొనన చుక్క. ఆగి, ఇంకో చుక్క.
"ఈ చుక్కే గాజై గింజ చుట్టూ పేరుకుంటుంది,
పాల మీద మీగడలా. రేపటికి."
రేపటికా!
నా గాజు
ఊపిరి వదిలేలోగా రూపు కట్టాలి,
లేదా పారబోయాలి.

గది చీకటి చేసి నీలి దీపం వేసింది.
సీసా నిండా దానిమ్మ ఎరుపు.
కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

మర్నాడు తనే మెట్లు దిగి వచ్చింది.
"సగానికి సగం తాలు.
గాజు పొట్టు ఉంది, లోపల గింజ లేదు.
ఉన్నవాటికీ మూడోవంతు వెలుగు పోయింది.
కప్పబోయి ఆర్పేశాను."
నాకేం తెలుసు?
వేడి గాజును తొందరపెట్టి చల్లారిస్తే
పగులుతుందని తెలుసు.
అదే చెప్పాను.

కాలవ మీద మంచు పెంకు కట్టిన వారం,
పదకొండో ప్రయత్నం.
రెండు సీసాలు, రెంటిలోనూ కాలవ నీళ్లే.
ఒట్టి గింజలు మొదటి రోజే
బూడిదై అడుక్కి దిగాయి.
గాజు కట్టినవి పదో రోజుకీ
మసగ్గా, మొండిగా, ఎర్రగానే.
"లోపల కాడ్మియం, విషం," అంది.
"వెలుగు దాటాలి, విషం దాటకూడదు.
ఆ మాత్రం గోడ."

కిందటి మంగళవారం డాక్టరు ఎక్స్‌రే ఎత్తి చూపించాడు.
నాలోనూ తెల్లటి గింజలు,
ఇన్నేళ్ల ఇసుక పొగ
చుక్క చుక్కగా పేరుకున్నవి.
ఇమ్కేకి చెప్పలేదు.

ఒక సీసా నా దగ్గరే మరిచిపోయింది.
నీలి దీపం నా దగ్గర లేదు,
పగటి వెలుతుర్లో అది ఉత్త నీళ్లే.
మూత మాత్రం వదులు.
కొత్తది చేయాలి.
మంట ముట్టించాను, చిన్నగా.