చుక్క పెట్టే చోటు

నవంబరు చివర. తార్తులో మూడున్నరకే దీపాలు.
కాఫీ యంత్రం గొంతు సవరించుకుంటూంది.
ఉర్వె కివిస్తిక్ నా బల్ల మీద
డెబ్భై నాలుగు ఆధారాల జాబితా పడేసింది.
"చిత్తడినేలల నాచు మీద వ్యాసం, గ్లేబ్.
పత్రికల పేర్లు కుదించు.
తోక కొయ్యి, ప్రాణం తియ్యకు."

ముప్పై ఏళ్ళుగా ఆవిడకదే పని.
ఎర్ర పెన్ను పక్కనే
అడవిలో పుట్టగొడుగులు కోసే వంకీకత్తి ఒకటి.
ఆపిల్ కోసమంటుంది. నేను నమ్మను.

"ముందు 'యొక్క'ల్నీ 'మరియు'ల్నీ బయటికి పంపు,
వాళ్ళకి ఇక్కడ కుర్చీల్లేవు.
జర్నల్ అంటే ఒక్క జె. పక్కన చుక్క.
కెమిస్ట్రీ కెమ్ దగ్గర ఆగిపోతుంది,
బయాలజీ బయాల్ దాకా నడుస్తుంది.
ఒక్క అక్షరమే ఆదా అయ్యేట్టయితే ముట్టుకోకు:
అక్షరం తీసి అక్కడే చుక్క పెడితే
దక్కిందేమిటి, చోటా? పుణ్యమా?
ఒకే మాట పేరుగా ఉన్న పత్రిక జోలికి అసలే పోకు.
ఉన్నది ఒంటి చొక్కా. అదీ కత్తిరిస్తావా?"

మొదటి గంటలోనే ఫిజియాలజీని ఫిజ్ చేశాను.
ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసింది.
"ఫిజ్ అంటే భౌతికశాస్త్రం, నాయనా.
నీ కోతకి ఒక కప్ప
గుండెకాయతో సహా వెళ్ళి పరమాణువుల్లో పడింది.
వెతుక్కునేవాడు ఏ అర ముందు నిలబడాలి?"
కప్పని కాలు పట్టి బయటికి లాగాను.
ఫిజియాల్. చుక్క.
కోసిన చోటు నుంచి మళ్ళీ మొలవాలట.
పుట్టగొడుగుకీ అంతే, కింద వేరు కదలకూడదు.

నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు.
మూడు పత్రికలు: ఎస్టోనియన్‌ది, జర్మన్‌ది, రష్యన్‌ది.
మా పట్టికలో ఏ ఒక్కదానికీ పొట్టిపేరు లేదు.
నర్వా వాణ్ణి, రష్యన్ చదవగలను,
కాబట్టి నేలమాళిగకి నేనే దిగాలి.

అక్కడ, వేడినీటి గొట్టం కింద, ఒకే అర.
ఒకే కొలత, ఒకే బూడిదరంగు అట్ట.
సంపుటి పదకొండు, పన్నెండు, పదమూడు,
యుద్ధానికి ఆలస్యమైనా అంకె తెగలేదు.
జెండా మారినప్పుడల్లా వీపు మీద పేరు మారింది.
లోపల అదే నాచు,
అదే చిత్తడిలో అదే వాయవ్య మూల,
ఎవరో మోకాళ్ళ మీద కూచుని పోచపోచా లెక్కపెట్టారు.

1938లో ఎల్. తార్వెల్.
1942లోనూ ఎల్. తార్వెల్.
1947కి ఎల్. వై. తార్వెల్.
తండ్రి పేరు కూడా ఒక అక్షరమై వచ్చి మధ్యలో ఇరుక్కుంది.
కంప్యూటరు దృష్టిలో వీళ్ళు ఇద్దరు.

పదకొండో సంపుటి వెనక, సభ్యుల పట్టికలో, దొరికింది:
తార్వెల్, లైనె. బడిపంతులమ్మ.
చందా బాకీ, రెండు క్రూన్లు.

పైకొచ్చి ఆ పేరు నిండుగా టైపు చేసి
కాగితం ఆవిడ ముందు పెట్టాను.
ఉర్వె చాలాసేపు పెన్ను ఎత్తలేదు.
"పత్రికల పేర్లు మూడూ ఉండనీ.
ఏ ఏడు ఏ పేరుంటే ఆ పేరే రాయాలి.
పత్రిక పేరులో మనిషి పేరుంటే కొయ్యకూడదు. అది నియమం.
రాసిన మనిషి పేరైతే కోసి తీరాలి. అదీ నియమమే."
"ఎవరు పెట్టారు?"
"ఏదో కమిటీ. అందరికీ నిండు పేర్లుండి ఉంటాయి."

లైనెలో ఒక్క ఎల్ మిగిల్చి
చుక్క పెట్టింది. గట్టిగా.
కాగితం వెనక్కి తిప్పితే వేలికి తగులుతుంది.

తర్వాత ఆపిల్ నిజంగానే కోసింది.
"బాకీ ఎంతన్నావు?"
"రెండు క్రూన్లు."
"ఆ డబ్బు ఇప్పుడు చెల్లదు," అంటూ
పెద్ద ముక్క నాకిచ్చింది.
"నలభై నాలుగు చూడు."

ఇంటర్నేషనల్.
ఇంట్. చుక్క.