రాత్రి తొమ్మిదింటి బిళ్ళ

జ్ఞానాపురంలో దండెం మీద ఆరేసిన
తవిటయ్య తెల్ల చొక్కా
సాయంత్రానికి కాస్త ముసలిదవుతుంది.
వేలితో రాసి చూస్తాను: రేవులో దించిన బొగ్గు.
చొక్కానైతే మళ్ళీ జాడించొచ్చు.

తొమ్మిదింటికి బిళ్ళ.
లేత గోధుమరంగు, చిక్కుడు గింజంత కూడా లేదు.
వేసుకున్నాక ఏమీ జరగదు.
జరగకపోవడమే దాని పని అంది
కేజీహెచ్‌లో డాక్టరమ్మ.
"తగ్గించే మందు కాదమ్మా, రానివ్వని మందు."

రానిదాన్ని ఎన్నాళ్ళని నమ్మడం?
పోయిన మాఘంలో, బాగానే ఉన్నాను కదా అని
నాలుగు రాత్రులు మానేశాను.
మిగిలిన డబ్బుతో కవళ్ళు కొని
పులుసు పెట్టాను కూడా.

ఐదో రాత్రి పిల్లికూతలు.
తవిటయ్య నిద్రలోంచి లేచి
కర్ర పట్టుకుని గోడవైపు నడిచాడు.
ఇటు, ఇటు, అని
నా రొమ్ము చూపించాను. మాట రాలేదు.

ఇప్పుడు అట్ట వెనక
పెన్నుతో వారాలు రాసుకుంటున్నాను.
ఆదివారం దగ్గర సిరా అలుక్కుపోయింది.

ఈ బిళ్ళకి కలలెక్కువ.
నిన్న యారాడ కొండ పరుగున ఎక్కేశాను.
లైట్‌హౌస్ దగ్గర ఎవరో అడిగారు,
ఆయాసం రాలేదా అని.
ఏ ఆయాసం, అన్నాను.

తెల్లారి లేచి
చొక్కా దులిపాను,
మొహం అటు తిప్పుకుని.