కన్ను ఆఖర్న

పర్లాకిమిడిలో కొమ్ముపనివాళ్ళ వీధి మొగలో
స్తంభమెక్కి కెమెరా బిగించింది నేనే.
నల్లగిన్నె బోర్లించినట్టు ఉంటుంది.
లోపలి కన్ను ఎటు తిరిగిందో
కింద నిలబడ్డవాడికి తెలీదు.

మర్నాటి నుంచీ అరుగుల మీద పేకముక్కల్లేవు.
కల్లుకావిడి వెనకసందు పట్టింది.
నడివీధిలో కుడితి పారబోసే గవరమ్మ
కాలవ దాకా మోసుకెళ్ళింది, మూడు రోజులు, గొణుక్కుంటూ.
తెలుగులో బూతులాడే పిల్లలు
ఒడియాలో మర్యాదగా కొట్టుకున్నారు.

దండపాణి మహారాణా మాత్రం
నెల తిరక్కుండా నాలుగు కొంగల ముక్కులు విరగ్గొట్టాడు.
గేదెకొమ్ము కాచి, వంచి,
ఆకురాయితో మెడ తీయడం
నలభై ఏళ్ళుగా నిద్రలోనైనా చెయ్యగల పని.

"కన్ను ఆకర్న ఎట్టాల బావూ.
ముందే ఎట్టేసినావనుకో,
పిట్ట మన సేతినే సూస్తాది.
సెయ్యి వొణుకుతాది."
నేను చిన్నప్పుడు విన్న మాటే.
ఇప్పుడు అరుగు మీంచి మొగవైపు చూస్తూ అన్నాడు.

ఉండబట్టలేక చెప్పేశాను:
తాతా, బిల్లు పాసవలేదు,
వైరు సగం స్తంభం దగ్గరే ఆగిపోయింది,
అది పుట్టుగుడ్డిది.

టీగ్లాసు కింద పెట్టి
అరచెయ్యి నా మొహం ముందు చాపాడు.
గీతల నిండా కొమ్ముపొడి.
"ఆ ముక్క దీనికి సెప్పు."

చీకటి పడ్డాక ఇంటికి బయల్దేరాను.
మిగిలిన వైరుచుట్ట భుజాన సంచీలో బరువుగా ఉంది.
స్తంభం కిందికొచ్చేసరికి
నోరు నిండా కిళ్ళీ ఊట.

మింగేశాను.