పై వాటా నీళ్లు

మూడేళ్లు తగువాడాం
పై వాటా తిరువేంగడం గారూ నేనూ,
ఆయన ఏసీ కార్చే నీళ్ల గురించి.
నా బాల్కనీ రేకు మీద టప్ టప్‌మని
రాత్రంతా ఎవరో తప్పు కుట్టు విప్పుతున్నట్టు.
ఆయన అరవంలో విసుక్కునేవారు, నేను తెలుగులో.
విల్లివాక్కంలో ఇద్దరికీ రెండూ అర్థమవుతాయి.
అదే చిక్కు.

తరవాత ఈ మొక్క వచ్చింది.
నాలుగు జాకెట్ల కూలి బాకీ కింద
మాధవరం నర్సరీలో పనిచేసే అంజుగం ఇచ్చిపోయింది.
మట్టి లేదు.
కొబ్బరి డొప్ప, గుప్పెడు బొగ్గు,
జాకెట్టు తాళ్లలా వేలాడే రెండు కాడలు.
“ఆర్కిడ్ అక్కా, తూర్పు కనుమల్ది” అంది.
మా అమ్మమ్మ అయితే బదనిక అనేది.
ఒకరి మీద పడి తినేవాళ్లని తిట్టడానికీ ఆ మాటే.
కానీ ఇది చెట్టునేమీ అడగదట,
పట్టుకోడానికి కాస్త చోటు తప్ప.
అద్దె గదిలో మిషను వేసుకున్నదాన్ని,
అమ్మమ్మ మాట వెనక్కి తీసుకున్నాను.

మా బోరు నీళ్లు ఉప్పు.
వారం పోసేసరికి వేళ్ల కొసలు నల్లబడ్డాయి,
బొగ్గు మీద తెల్లటి గీతలు, సుద్దతో కొలత వేసినట్టు.
క్యాను నీళ్లు కొని మొక్కకి పొయ్యడమా!
ఆ రాత్రి టప్ టప్ వింటూ పడుకున్నదాన్ని
లేచి బకెట్ పెట్టాను.

తెల్లారేసరికి ముప్పాతిక నిండింది,
ఆయన నిద్రలోంచి చుక్కచుక్కగా.
ఉప్పు లేని నీళ్లు.
తడి తగలగానే బూడిద రంగు వేళ్లు పచ్చబడ్డాయి.
ఇస్త్రీ పెట్టె కింద తడిగుడ్డ రంగు మారుతుంది చూడండి,
అలా, కాకపోతే తిరగేసి.

ఒకరోజు మెట్ల మీద ఆగి
“ఈమధ్య మీరు అరవడం లేదే” అన్నారు ఆయన,
కొంచెం దిగులుగానే.
చెప్పాను.
మే నెలంతా పొద్దున్నే కేక వినపడేది పైనుంచి:
“రాత్రి ఇరవై రెండులో పెట్టాను. చాలిందా?”

కార్తీకం వెళ్లాక కంటి ఆపరేషనుకి తిరుచ్చి వెళ్లారు.
వానలూ వెళ్లిపోయాయి.
రేకు మీద చప్పుడు లేదు,
నాకు నిద్ర లేదు.
మొక్క ఒక్కో ఆకూ పసుపు చేసి వదిలేసింది.
చివరికి రెండు బోడి కాడలు.
టేపు పెట్టి కొలిచాను, ఎందుకో.
ఇరవై ఆరంగుళాలు. పదమూడు కణుపులు. ఏమీ లేదు.
ఒక ఆదివారం కత్తెర కూడా పట్టుకున్నాను.

“కొయ్యకక్కా” అంది అంజుగం ఫోనులో,
“నీళ్లు మానెయ్. దాన్ని మరిచిపో.
ఎండితేనే పూస్తుంది.”
మరిచిపోవడం నాకు రాదు.
ఇరవై ఏళ్ల కిందటి చంక కొలతలు
ఎవరివి ఎంతో ఇప్పటికీ చెప్పగలను.
అయినా బకెట్ బోర్లించాను.

ఫిబ్రవరి చివర, హుక్కులు కుడుతూ తలెత్తితే
కణుపు కణుపునా ఆవగింజంత ఉబ్బు.
పది రోజులకి జతలు జతలుగా విచ్చాయి,
ఉతికి ఉతికి వెలిసిన ఓణీ గులాబీ.
మధ్య పెదవి మాత్రం లేత పసుపు.
కళ్లద్దాలు పెట్టుకుని దాని అంచు చూశాను:
పీకో.
అంత సన్నం నా మిషను మీద రాదు.

ఆకన్నది లేకుండా పువ్వులే.
జాకెట్లకి వచ్చినవాళ్లు ప్లాస్టిక్కా అని గిల్లి చూశారు.
నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం.
ఏడాది పోసినన్నాళ్లూ ఊరుకుని
పొయ్యనప్పుడా పూసేది?

నిన్న తిరువేంగడం గారు దిగారు, నల్ల కళ్లద్దాలతో.
మొక్క ముందు నిలబడి అరవంలో లెక్కపెట్టారు.
ఇరవై తొమ్మిది అన్నారు.
ముప్పై ఒకటి అన్నాను.
కొత్త కన్ను అని ఆయన,
పాత కన్ను అని నేను,
మళ్లీ మొదలు.

రాత్రి ఉక్క.
పైన ఏదో గుర్రుమంది.
బోర్లించిన బకెట్ వీపు మీద
టప్.
కాసేపు విని,
లేచి తిప్పాను.