మూడో నంబరు

ఎచ్చెర్ల మీదికి ఉప్పుగాలి తిరిగే నెలల్లో
మా శాఖలో ఇనుప బీరువాకే కాదు
కీబోర్డు తోక చివరకీ తుప్పు పడుతుంది.
ఉన్నవి ఆరు. నడిచేవి నాలుగు.
అందులో ఒకదానికి 'ర' మీట ఊడిపోయింది.
దాని మీద కొట్టిన నోటీసుల్లో
అందరి పేర్లూ పళ్లూడి నవ్వుతుంటాయి.

ఆ రాత్రి నాకు ఒక్క గంట చాలు.
పన్నెండు లోపు దరఖాస్తు వెళ్లాలి.
మూడో నంబరు ముందు కుర్చీ ఖాళీ.
తెర నల్లగా ఉంది, బిగుసుకుపోయిందనుకున్నాను.
మీట నొక్కి పట్టుకున్నాను
కోడి మెడ పట్టుకున్నట్టు, ఐదు సెకన్లు.

చీటీ ఉంది.
ఫ్యాను గాలికి ఎగిరి బల్ల కింద పడింది.
తర్వాత చూశాను:
"ఆపొద్దు. లోపల నది నడుస్తోంది.
పువ్వల సింగన్న"

వంశధారలో ముప్పయ్యేళ్ల నీళ్లు.
గొట్టా దగ్గర కొలిచిన ప్రతి ఉదయమూ
తొమ్మిది రోజులుగా లెక్కలోకి పారుతూ
పదో రోజున సముద్రం చేరాల్సినవి.

దరఖాస్తు వెళ్లింది. ఉద్యోగం రాలేదు.
అది ఇక్కడ అనవసరం, అయినా చెబుతున్నాను.

పొద్దున్నే సీతంపేట బస్సు దిగి వచ్చాడు సింగన్న.
తెర చూశాడు. ఎవరని అడగలేదు.
మళ్లీ మొదటి రోజు నీళ్లు వదిలాడు.
పక్క సీట్లో నేను
'ర' లేని కీబోర్డు మీద ఏదో కొడుతున్నాను.
నేరం అన్న మాట కూడా దాని మీద పూర్తిగా పడదు.

ఊడ్చడానికొచ్చిన తవిటమ్మ
ఎవరో తెరిచి వదిలేసిన మెయిలు చూసి
"ఎవులో గానీ, తిన్న కంచం తీయకుండానే ఎలిపోనారు" అంది.
నన్ను కాదు. అయినా నేనే లేచాను.
ఎవరిదో అమ్మ పేరు కంటబడింది.
కన్ను పక్కకి తిప్పుకుని మూసేశాను.

రెండోసారి తొమ్మిదో రాత్రి
గాలికి కరెంటు పోయింది.
మిగతా మూడింటినీ ఆపాను,
గోడ మీది ప్రతి ప్లగ్గూ పీకాను,
ఉన్న కాస్త బ్యాటరీ ఒక్కదానికే దక్కాలని.
యూపీఎస్ కూతలు లెక్కపెడుతూ
చీకట్లో కూచున్నాను,
వరద రోజున గట్టు కాసే మనిషిలా.

కరెంటు ఎప్పుడొచ్చిందో తెలీదు.
తెల్లారేసరికి ఆఖరి అంకె తెర మీద ఉంది.

పాత చీటీని నాలుగు మూలలా టేపుతో అంటించాను.
అతని పేరు కింద నా పేరు రాశాను.
ఎందుకని సింగన్న ఇంకా అడగలేదు.