మేనమామ పోలిక

మేనమామ పోలికంటే అదృష్టమని
పురిటి మంచం దగ్గరే అన్నది మా అవ్వ.
గడ్డం పట్టుకుని చూసి
"అచ్చం మన లస్మయ్యే" అంది.
కాదనడానికి అప్పటికి నాకేం తెలుసు?

అన్న పోయినప్పుడు నాకు పదకొండు, వాడికి పద్దెనిమిది.
సిరొంచలో సగం మంది గాలి సోకిందన్నారు,
సగం మంది వాతమన్నారు.
ప్రాణహిత అవతలి నుంచి ఎవరో వచ్చి
కాళ్లకు పసరు రుద్ది కోడిని పట్టుకుపోయాడు.
జబ్బుకు పేరు లేకుండానే
వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చారు.

ఓదెలు పిక్కలు చూసి
పక్కింటి బానక్క మురిసిపోయేది,
"పహిల్వానైతడే నీ కొడుకు" అని.
నేల మీంచి లేవాలంటే వాడు
ముందు అరచేతులు నేలకు ఆనించి
తర్వాత మోకాళ్లకు, తర్వాత తొడలకు,
తన ఒంటినే నిచ్చెన చేసుకుని
పైకి ఎక్కి వచ్చేవాడు.
మొదట్లో నవ్వేదాన్ని.
ఒక పొద్దున గంజి వారుస్తుంటే గుర్తొచ్చింది
ఈ ఎక్కడం నేను ఇంతకు ముందే చూశానని.
గంజి చెయ్యి మీద పడింది.

నాగపూర్‌లో డాక్టరమ్మ అంతా మరాఠీలో చెప్పింది.
పన్నెండేళ్లుగా నేను బళ్లో పాఠం చెప్పేది మరాఠీలోనే,
అర్థం కాక కాదు,
కొడుకు సంగతి ఆ భాషలో గొంతు దిగలేదు.
ఎర్ర బస్సు ఆలాపల్లి టేకు అడవి దాటుతుంటే
ఫైలు వెనక తెలుగులో రాసుకున్నాను.
ఒళ్లు తన రాతను మూడేసి అక్షరాలుగా చదువుకుంటుందట.
సరే, మూడేసి.

     వరద నదిని పడవ దాటిన కబురు

ఓదెలు రాతలో రెండక్షరాలు ఊడిపోయాయి.
'నది' లేదు.
ఆగదు కదా చదువు, మూడేసి పట్టుకునే పోతుంది.

     వరద నిపడ వదాటి నకబు రు

ఈ మాటలతో కండ కట్టమంటే
ఏ కండ కడుతుంది?

మందంటే ఒక చిన్న ముక్క,
అద్దంలో అక్షరంలా తిరగబడి ఉంటుందట.
లోపల రాతప్రతిని కత్తిరించి అతికే పనివాడొకడున్నాడు.
వాడు రాకముందే ఇది వెళ్లి
ఒంటరిగా మిగిలిన ఆ 'ని' మీద పడుకుంటుంది.
వాడికి కనపడదు. దాటేసి అతికేస్తాడు.

     వరద పడవ దాటిన కబురు

బస్సు గుంతల్లో అక్షరాలు వంకరపోయాయి.
మళ్లీ చదివాను.
నది లేదు. పడవ మాత్రం దాటింది.

బాగవుతాడా అని అడిగాను.
మాన్పడం కాదు, నెమ్మదించడం, అంది.
అదీ కొందరికే, తెగిన చోటు సరిపడితేనే.
ధర నోటితో చెప్పలేదు,
కాగితం మీద సున్నాలు వేసి చూపింది.
ఒకటో తరగతికి సున్నాలు నేర్పేదాన్ని
రెండుసార్లు లెక్క తప్పాను.
ఇక్కడ ప్రయోగం మొదలైతే పిలుస్తామంది,
ఫోన్ నంబరు రాసుకుంది,
ఎప్పుడో చెప్పలేదు.

అంతకు ముందు ఒక ఫారం నింపించారు.
ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అని ఒక గడి.
పక్కన కూర్చున్న అవ్వకు చదువు రాదు.
"ఎవల పేరే అది?"
"లస్మయ్యది."
కొంగుతో ముక్కు తుడుచుకుంది.
ఇరవై మూడేళ్లకు
వాడి జబ్బుకు పేరొచ్చింది.
నా నుంచి నీకా అని అవ్వ అడగలేదు,
నీ నుంచి నాకా అని నేనూ అడగలేదు.
సిరొంచలో దిగేటప్పుడు
మనవణ్ణి నా చేతికివ్వక తనే ఎత్తుకుంది,
నడుం నొప్పి మనిషి.
పోలిక అన్న మాట మళ్లీ ఆమె నోట వినలేదు.

రాత్రి ఫైలు తీసి వాడే చదివాడు.
మొదటి వాక్యం నచ్చలేదు,
మూడోది చూడనే లేదు.
"నిపడ! వదాటి! నకబు రు!"
పడీపడీ నవ్వుతూ మంచం పట్టె మీద
దరువు వేస్తున్నాడు.
"అమ్మా, గిది ఏ భాషనే?"